రాజకీయమున సంధికార్యము

“రాజీ” అను మాటకు మన భాషలో గౌరవము తక్కువ. కోర్టులో వ్యాజ్యమాడుచున్నవాడు రాజీపడినాడనగా, గెలువలేక దిగివచ్చినాడని ఊరివారు తాత్పర్యము చెప్పుకొందురు. రాజీలేని పోరాటము సల్పినాడన్న పొగడ్త ప్రతి వేదికపైనను వినబడుచుండును గాని, మంచి రాజీ కుదిర్చినందులకు పూలమాల వేయించుకొన్న నాయకుని నేను చూచియుండలేదు. అదే పనికి “సంధి” యని పేరు పెట్టినచో కొంత మర్యాద చేకూరును. ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు నడపినది సంధి రాయబారమే గదా! ఐదూళ్లిచ్చిన చాలునన్న ధర్మరాజును మనము పిరికివాడనము.

వ్యాకరణ పాఠము చెప్పుటయే వృత్తిగా గలవాడను గనుక, సంధి యనగానే నాకు రెండు విధములైన కలయికలు తలపునకు వచ్చును. ‘రాముడు’, ‘ఇతడు’ అను పదములు కలిసినపుడు ‘రాముడితడు’ అగును. మొదటి పదము చివరనున్న ఉకారము పోవును. రెండవ పదము మొదటనున్న ఇకారము చెక్కు చెదరక నిలుచును. ‘చంద్ర’, ‘ఉదయము’ అను పదముల సంగతి వేరు. అకారమును పోవును, ఉకారమును పోవును. ఆ రెంటికిని బదులుగా ఓకారము వచ్చి ‘చంద్రోదయము’ ఏర్పడును. రాజీ యనగానే లోకులు మొదటి రకమునే తలంతురు: ఒకరు నిలుచుట, ఒకరు పోవుట. రెండవ రకము రాజకీయములందు అరుదు. అట్టిదొకటి 1947, 1948 సంవత్సరములలో అమెరికా రాజధానియగు వాషింగ్టన్‌లో జరిగినది. అధ్యక్షుడొక పక్షమువాడు, శాసనసభలు రెండును ఎదుటి పక్షమువారి చేతిలో నుండెను. ఆ కథ మన తరగతి గదులలో చెప్పదగినదని నా తలంపు.

విద్యార్థులకు ఇది బోధపడవలెనన్న ముందుగా ఒక సంగతి వివరింపవలెను. మన దేశమున మంత్రివర్గము శాసనసభ విశ్వాసముపై ఆధారపడి బ్రతుకును. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్ర శాసనసభలో అవిశ్వాస తీర్మానము ఒక్క వోటు ఆధిక్యముతో నెగ్గగా ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము పడిపోయిన వృత్తాంతము తెలుగువారెరిగినదే. అమెరికాలో ఇట్లు పడిపోవుట లేదు. అధ్యక్షునికి నాలుగేండ్లకొకసారి వేరుగా ఎన్నిక జరుగును. ప్రతినిధి సభకు రెండేండ్లకొకసారి ఎన్నిక. సెనేటులో మూడవ వంతు స్థానములకు కూడ అప్పుడే ఎన్నిక. అందుచేత అధ్యక్షుని పక్షమొకటి, సభలలో అధిక సంఖ్యాకుల పక్షము మరియొకటి యగుట తరచు సంభవించును. మహాభిశంసన మాట అటుంచినచో, సభ ఆయనను ఇంటికి పంపజాలదు. ఆయన సభను రద్దు చేయజాలడు. సభలు చేసిన చట్టమును ఆయన వీటోతో త్రిప్పి పంపవచ్చును. సభలు మూడింట రెండు వంతుల ఆధిక్యముతో ఆ వీటోను త్రోసిపుచ్చవచ్చును. ఖజానా తాళపుచెవి మాత్రము సభలయొద్దనే యుండును. ఒకే కాడికి కట్టిన రెండెద్దులు చెరియొక దిక్కునకు లాగినను కాడి విడిపోదు. గడువు తీరువరకు చేను దున్నవలెను, లేదా బీడుగా విడువవలెను.

హ్యారీ ట్రూమన్ 1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ ఆకస్మికముగా మరణించుటచే అధ్యక్షుడైనవాడు. మిస్సోరీ రాష్ట్రపు రైతుబిడ్డ; కళాశాలా పట్టము లేనివాడు; అంతకు పూర్వము పదేండ్లు సెనేటులో కూర్చున్నవాడు. యుద్ధము ముగిసిన పిదప ధరలు పెరిగెను, సమ్మెలు చెలరేగెను, మాంసము దొరకుటయే కష్టమయ్యెను. 1946 నవంబరు ఎన్నికలలో రిపబ్లికన్ పక్షమువారు ‘ఇక చాలదా?’ అను అర్థము వచ్చు రెండే మాటల నినాదముతో దేశము చుట్టివచ్చిరి. సెనేటులో వారు 51 మంది, ట్రూమన్ పక్షమగు డెమోక్రాట్లు 45 మంది వచ్చిరి. ప్రతినిధి సభలో 246, 188. ఓటమి యెంత ఘోరమైనదో చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. ఫుల్‌బ్రైట్ అను సెనేటరు, స్వయముగా డెమోక్రాటు అయ్యును, ట్రూమన్ ఒక రిపబ్లికన్ నాయకుని విదేశాంగ కార్యదర్శిగా నియమించి తాను రాజీనామా చేయుట మేలని సూచించెను. ఉపాధ్యక్ష పదవి ఖాళీగా నుండుటచే నాటి చట్టము ప్రకారము అధ్యక్షుని తరువాతి స్థానము విదేశాంగ కార్యదర్శిదే. ట్రూమన్ ఆ సలహాను పెడచెవిని పెట్టి, సలహాయిచ్చినవాని పేరును అరతెలివి యను అర్థము వచ్చునట్లు మార్చి పిలిచెనట. ఆయన నాలుకకు పదునెక్కువ. ఇట్టివాడు సంధి చేసినాడన్నప్పుడే ఆ సంధికి విలువ.

ఫుల్‌బ్రైట్ ఆ పదవికి సూచించిన రిపబ్లికన్ నాయకుడే మన కథలోని రెండవ పాత్ర. ఆర్థర్ వాండెన్‌బర్గ్ మిషిగన్ రాష్ట్రమున గ్రాండ్ రాపిడ్స్ పట్టణమువాడు. 1893 నాటి ఆర్థిక సంక్షోభమున తండ్రి వ్యాపారము కూలిపోగా చిన్ననాటనే పనిలో దిగినవాడు. ఇరువది రెండేండ్ల ప్రాయమున స్థానిక దినపత్రికకు సంపాదకుడైనవాడు. 1928లో సెనేటులో ప్రవేశించెను. ఐరోపా కలహములతో అమెరికాకు పనిలేదని వాదించినవారిలో ఆయన అగ్రేసరుడు. యుద్ధము ఆయన మనస్సును మార్చెను. 1945 జనవరి 10న సెనేటులో చేసిన ఉపన్యాసమున, ఏ దేశమును ఇకమీదట గోడ కట్టుకొని తన్ను తాను కాపాడుకొనజాలదని ఒప్పుకొనెను. 1947లో రిపబ్లికన్లు అధికసంఖ్యాకులు కాగా ఆయన విదేశాంగ వ్యవహారముల సంఘమునకు అధ్యక్షుడయ్యెను. ఆయన ఊ యననిదే అధ్యక్షుని విదేశాంగ ప్రతిపాదన యేదియు సెనేటులో కదలునట్లు లేదు. వాండెన్‌బర్గ్‌కు కొంత ఆడంబరము, పొగడ్తపై మక్కువ కలవని సమకాలికులనుచుండిరి. ఉన్న నుండనిండు, పనియైన తీరు చూడవలెను.

మొదటి పరీక్ష త్వరలోనే వచ్చెను. గ్రీసు, టర్కీలకు తామిక సాయము చేయజాలమని బ్రిటను 1947 ఫిబ్రవరి 21న అమెరికాకు తెలియజేసెను. ట్రూమన్ తీర్మానము చేసికొన్న పిదప సభలకు చెప్పుటకు బదులు, ఆ నెల 27ననే వాండెన్‌బర్గ్ మున్నగు ఉభయపక్ష నాయకులను తన భవనమునకు పిలిపించెను. మార్చి 12న ఉభయసభల సమావేశమున నిలిచి 40 కోట్ల డాలర్లు కోరెను. వాండెన్‌బర్గ్ ఆ బిల్లుకొక సవరణ చేర్చెను: ఐక్యరాజ్యసమితి తానే పూనుకొని ఈ సాయము అనవసరమని నిర్ణయించినచో అమెరికా సాయము ఆగిపోవును. సమితిని ప్రక్కకు నెట్టినారన్న విమర్శకు ఇది సమాధానము. ప్రభుత్వము మారుమాటాడక ఆ సవరణ నంగీకరించెను. సెనేటులో 67కు 23, ప్రతినిధి సభలో 287కు 107 వోట్లతో బిల్లు నెగ్గెను. మే 22న ట్రూమన్ సంతకము చేసెను.

అసలు పరీక్ష ఐరోపా ఆకలి. 1946-47 చలికాలము ఆ ఖండమును క్రుంగదీసెను. బొగ్గు లేక కర్మాగారములు నిలిచిపోయెను. రొట్టెకు కొలత పెట్టిరి. అమెరికా నుండి గోధుమ కొనుటకు ఆ దేశములయొద్ద డాలర్లు లేవు. 1947 జూన్ 5న విదేశాంగ కార్యదర్శి జనరల్ మార్షల్ హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ప్రసంగించుచు, ఐరోపా దేశములు కలిసికట్టుగా తమ అవసరములు నిర్ణయించుకొన్నచో అమెరికా తోడ్పడునని ప్రకటించెను. సోవియటు ప్రభుత్వము వైదొలగగా 16 దేశములు పారిసులో చేరి లెక్కలు కట్టుటకు పూనుకొనెను.

ఆ ప్రణాళికకు ట్రూమన్ పేరు పెట్టవలెనని సలహాదారు క్లార్క్ క్లిఫర్డ్ సూచించెను. అధ్యక్షుడు వలదనెను. తన పేరుతో ఏ కాగితము ఆ సభలకు పోయినను అది ఒకటి రెండు మారులు వణకి వెల్లకిలపడి చచ్చునని ఆయన హాస్యమాడినట్లు క్లిఫర్డే చెప్పియున్నాడు. మార్షల్ ఏ పక్షమునకును చెందని సేనాని. ఆయనయన్న ఉభయులకు గౌరవము. కావున అది మార్షల్ ప్రణాళిక యయ్యెను. మరుసటి యేట ఎన్నికలలో నిలువవలసిన రాజకీయవేత్త, తన పాలనలోని గొప్ప కార్యమునకు మరియొకని పేరు పెట్టనిచ్చెను. ఊరిబడి గోడకు సున్నము వేయించినను శిలాఫలకముపై ఎవరి పేరు ముందుండవలెనని తగవులాడు కాలమున, ఈ ఒక్క సంగతి విద్యార్థులకు వ్యాసరచనకు ఇయ్యదగినది.

అక్కడినుండి జరిగిన పని నెమ్మదియైనది, ఓపికతో కూడినది. దేశమునకెంత శక్తి కలదో లెక్క చూచుటకు ఉభయపక్షములవారితో ఒక సంఘమును వేయవలెనని వాండెన్‌బర్గ్ కోరగా ట్రూమన్ వేసెను. ప్రతినిధి సభ తన సభ్యుల బృందమును ఐరోపాకు పంపెను. దానిని నడపినవాడు హెర్టర్ అను రిపబ్లికన్. అందు సభ్యుడుగా పోయిన యువకులలో రిచర్డ్ నిక్సన్ ఒకడు. కన్నులార చూచివచ్చినవారిలో పలువురు అనుకూలురైరి. విదేశాంగ శాఖలో మార్షల్ క్రింద పనిచేయుచుండిన రాబర్ట్ లోవెట్, తానును రిపబ్లికనే, సాయంకాలము ఇంటికి పోవుచు వార్డ్‌మన్ పార్క్ హోటలులో నున్న వాండెన్‌బర్గ్ నివాసమునకు పోయి, నాటి తంతివార్తలు చూపి మాటలాడి పోవుచుండెను. సభలో వినబడు ఉపన్యాసములకంటె ఈ సాయంకాలపు కూర్పులే ఎక్కువ పని చేసినవని నాకు తోచును.

1947 డిసెంబరు 19న ట్రూమన్ బిల్లు పంపెను. నాలుగేండ్లకు పైబడిన కాలమునకు మొత్తము 1,700 కోట్ల డాలర్లు. మొదటి పదునైదు నెలలకు 680 కోట్లు. వాండెన్‌బర్గ్ అంకెను చూచి తల అడ్డముగ త్రిప్పెను. నేటి సభ రేపటి సభను బంధింపజాలదు. అంత పెద్ద మొత్తము చూచి సభ్యులు బెదరుదురు. ఏయేటికాయేడు వచ్చి అడుగవలెను, లెక్క చూపవలెను. ప్రభుత్వము 1,700 కోట్ల మాటను బిల్లునుండి తొలగించెను. మొదటి విడత సొమ్ము పండ్రెండు నెలలకు 530 కోట్లుగా కుదిరెను. నెలకింత యని గుణించి చూచినచో ఇది పెద్ద కోత కాదని గణితోపాధ్యాయులు వెంటనే పట్టుకొందురు. కాలమును తగ్గించి అంకెను చిన్నది చేసిరి. సభ్యులకు చిన్న అంకె దక్కెను, ఐరోపాకు గోధుమ దక్కెను.

రెండవ చిక్కు, సొమ్ము ఎవరి చేతిమీదుగా పోవలెనన్నది. విదేశాంగ శాఖ క్రిందనే ఉండవలెనని ప్రభుత్వము కోరెను. ఆ శాఖకు వ్యాపారము తెలియదని రిపబ్లికన్లు పట్టుపట్టిరి. వాండెన్‌బర్గ్ తీర్పు తానే చెప్పక బ్రూకింగ్స్ అను పరిశోధన సంస్థను అడిగెను. వారు ప్రత్యేక సంస్థ నెలకొల్పి ఒక్క అధికారిని నియమించుట మేలనిరి. ఇరువురును దానికి కట్టుబడిరి. ఆ అధికారి యెవరు? ట్రూమన్‌కు డీన్ అచిసన్‌పై మక్కువ. వాండెన్‌బర్గ్ ఒప్పుకొనడని అచిసనే ముందుగా చెప్పెను. కడకు స్టూడిబేకర్ మోటారుకార్ల కంపెనీ అధ్యక్షుడగు పాల్ హాఫ్‌మన్, రిపబ్లికన్ పక్షమువాడు, ఆ పదవికి వచ్చెను. ఈ విధముగా ట్రూమన్ పేరును విడిచెను, అంకెను విడిచెను, మనిషిని విడిచెను.

మరి వాండెన్‌బర్గ్ విడిచినదేమి? తరగతిలో ఈ ప్రశ్న తప్పక వచ్చును. ఎన్నికల యేడు వాకిట నిలిచియుండగా ఎదుటి పక్షపు అధ్యక్షునికి ఓటమి కలిగించు అవకాశము చేతికందినది, దానిని విడిచెను. తన పక్షములో టాఫ్ట్ మున్నగు ప్రబలులు సొమ్ము దండుగయని వాదించుచుండగా వారికెదురు నిలిచెను. పూర్వము తాను చెప్పుచు వచ్చిన సిద్ధాంతమును బహిరంగముగ విడిచినవాడు గనుక, మాట మార్చినవాడన్న నిందను మోసెను. సంఘమున దాదాపు నూరుగురు సాక్షులను విచారించి, అనుకూలురను ప్రతికూలురను మాటాడనిచ్చి, తుదకు 13 మంది సభ్యులచేతను ఏకగ్రీవముగా ఊ యనిపించెను. ఫిబ్రవరి చివర చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టులు అధికారము చేజిక్కించుకొనుటతో సంశయాళువుల సంశయములు కరగెను. మార్చి 1న ఆయన సెనేటులో బిల్లును ప్రతిపాదించుచు దీర్ఘోపన్యాసము చేసెను. రెండు వారములు చర్చ సాగిన పిమ్మట 69కు 17 వోట్లతో బిల్లు నెగ్గెను. ప్రతినిధి సభలో 329కు 74.

ఇంత సఖ్యత చూచి, ట్రూమనును ఆ సభలును పాలును నీరునువలె కలిసిపోయిరని అనుకొనరాదు. 1947 జూన్ 20న ఆయన కార్మిక సంఘముల హక్కులను నియంత్రించు టాఫ్ట్-హార్ట్లీ బిల్లును వీటో చేయగా, మూడు దినములలో సభలు దానిని త్రోసిపుచ్చి చట్టము చేసెను. పన్నుల తగ్గింపు బిల్లును ఆ యేడు రెండు మారులు వీటో చేసి నిలిపెను. మూడవ మారు నిలుపలేకపోయెను. ఆ దినము 1948 ఏప్రిల్ 2. ఆనాడే ఉభయసభలును ఆయన పన్నుల వీటోను భారీ ఆధిక్యముతో త్రోసివేసినవి. ఆనాడే మార్షల్ సాయపు బిల్లునకు తుది ఆమోదము తెలిపినవి. మరునాడు ఏప్రిల్ 3న ఆయన సంతకము చేసెను. ఉదయము చెంపపెట్టు, సాయంకాలము కరచాలనము అనదగిన దినమది. రాజీ యనగా అన్ని విషయములలోను ఏకాభిప్రాయమని తలంచువారు ఈ తేదీని గుర్తుంచుకొనవలెను. పన్నులలో పోరు మానుకొననిదే ఐరోపా మాట యెత్తనని ఇరువురిలో నెవ్వరును మంకుపట్టు పట్టలేదు. ఒక తగవును మరియొక తగవునకు తాకట్టు పెట్టలేదు. తరువాతి కాలమున ఆ తాకట్టు సామాన్యమయ్యెను. క్లింటన్ అధ్యక్షుడుగను రిపబ్లికన్లు సభలలో అధికసంఖ్యాకులుగను ఉన్నపుడు బడ్జెటు కుదరక 1995 డిసెంబరు నుండి 1996 జనవరి వరకు 21 దినములు ప్రభుత్వ కార్యాలయములెన్నో మూతపడెను. వారే 1997లో సమతుల్యపు బడ్జెటునకు ఒప్పందము చేసికొనిరనుట వేరు మాట.

ఈ సంధికి మచ్చలు లేకపోలేదు. సభలనుండి సొమ్ము రాబట్టుటకు ప్రభుత్వము భయమును వాడుకొనెను. గ్రీసు, టర్కీల అవసరము పరిమితమైనది. మార్చి 12 నాటి ప్రసంగమున అది లోకమంతటి స్వాతంత్ర్య పోరాటముగా పెరిగినది. తొమ్మిది దినములకు, మార్చి 21న, ప్రభుత్వోద్యోగుల రాజభక్తిని విచారించు ఉత్తరువును ట్రూమన్ జారీ చేసెను. కమ్యూనిస్టులపట్ల మెత్తగా నున్నాడన్న రిపబ్లికన్ల నిందను తప్పించుకొనుటయు అందు ఒక ఉద్దేశము. ఎందరో సామాన్యోద్యోగులకు అది ముల్లయ్యెను. సాయపు చట్టముననే చీనాలోని చియాంగ్ కై షేక్ ప్రభుత్వమునకు కూడ సొమ్ము చేర్చిరి. ఆసియాపై దృష్టి గల రిపబ్లికన్లను తృప్తిపరచుట దాని ఫలము. సాయపు సరకులో సగమైనను అమెరికా జెండా గల ఓడలలోనే పోవలెనను నిబంధన పెట్టిరి. గుణసంధిలో వచ్చిన ఓకారము అందముగనే యుండును; రాజకీయమున పుట్టిన క్రొత్త అక్షరము ప్రతిసారియు చెవికింపుగ నుండదు.

చట్టము వేరు, సొమ్ము చేతికందుట వేరు. జూన్‌లో ప్రతినిధి సభ వ్యయసంఘాధ్యక్షుడగు జాన్ టేబర్, పండ్రెండు నెలలకు ఉద్దేశించిన సొమ్మును కోసి పదునైదు నెలలకు సర్దవలెనని పట్టుబట్టెను. కాలమును కుదించి అంకెను చిన్నది చేసిన ఉపాయమే తలక్రిందులై వచ్చినది! అప్పుడు వాండెన్‌బర్గ్ సెనేటు వ్యయసంఘము నెదుట స్వయముగా హాజరై, ముందు తలుపున ఇచ్చిన మాటను వెనుక తలుపున తీసికొనుట తగదన్న భావముతో తన పక్షమువారినే మందలించెను. కోతలో అధిక భాగము సడలెను.

ఇక ఎన్నికలు. ట్రూమన్ 1948 జూలై 26న, మిస్సోరీ రైతులు టర్నిప్ దుంపలు విత్తు దినమున, సభలను ప్రత్యేకముగ సమావేశపరచి, మీ పక్షము వాగ్దానము చేసిన చట్టములు చేయుడని సవాలు చేసెను. రెండు వారములలోపుననే వారు చెప్పుకోదగినది చేయక చెదరిపోయిరి. ఆయన రైలెక్కి ఊరూర నిలిచి, ఏమియు చేయని కాంగ్రెసని దుమ్మెత్తిపోసెను. మార్షల్ ప్రణాళికకు వోట్లు వేసిన కాంగ్రెసును ఏమియు చేయనిదనుట న్యాయమా? న్యాయము కాదు. ఎన్నికల వేదికపై న్యాయము వెదకరాదని మనకును తెలియును. నవంబరు 2న అందరి జోస్యములను తలక్రిందులు చేసి ట్రూమన్ 303 ఎలక్టొరల్ వోట్లతో డ్యూయీని ఓడించెను. ఉభయసభలును డెమోక్రాట్ల వశమయ్యెను.

సరిగా రెండు దినములకు, 1948 నవంబరు 4న, ఢిల్లీలో డాక్టర్ అంబేద్కర్ రాజ్యాంగ ముసాయిదాను పరిషత్తునెదుట ప్రవేశపెట్టుచు అమెరికా పద్ధతిని, బ్రిటిషు పద్ధతిని పోల్చి చూపెను. అమెరికా పద్ధతిలో స్థిరత్వమెక్కువ. పార్లమెంటరీ పద్ధతిలో బాధ్యత యెక్కువ, ఏలయన సభ ప్రభుత్వమును దినదినమును ప్రశ్నించును. ముసాయిదా బాధ్యతకే మొగ్గినదని ఆయన చెప్పెను. మనవారు ఎన్నుకొన్న మార్గమున, ఎదుటి పక్షపు సభతో అయిదేండ్లు కాపురము చేయవలసిన అవస్థ ప్రభుత్వమునకు లేదు. అందుచేతనే కాబోలు, ఆ కాపురమునకు వలసిన నేర్పు మన రాజకీయ పాఠములలో అంతగా చోటు పొందలేదు.

క్రొత్త సభలో వాండెన్‌బర్గ్‌కు సంఘాధ్యక్షత పోయెను. 1949 ఏప్రిల్ 4న పుట్టిన ఉత్తర అట్లాంటిక్ ఒడంబడికకు, అంతకు ముందు జూన్‌లో ఆయన పేరిట 64కు 4 వోట్లతో నెగ్గిన తీర్మానమే బాట వేసియుండెను. జబ్బుపడి, 1951 ఏప్రిల్ 18న స్వగ్రామమున కన్నుమూసెను. ట్రూమన్‌కు సభలలో సొంత బలము వచ్చిన పిదపను హాఫ్‌మన్‌ను తొలగించి తనవానిని పెట్టుకొనలేదు. 1950లో తానుగా విడుచువరకు ఆ రిపబ్లికనే ఆ పదవిలో నుండెను. మొత్తముమీద ఐరోపాకు చేరినది సుమారు 1,300 కోట్ల డాలర్లు. ఏయేటికాయేడు వచ్చి అడుగవలెనన్న షరతును మాత్రము ఎవరును మార్చలేదు. 1949లోను 1950లోను హాఫ్‌మన్ పద్దుపుస్తకములతో సభాసంఘముల యెదుట కూర్చుండి ప్రశ్నలకు బదులు చెప్పెను. ప్రతియేడును కొంత కోత పడెను. ప్రతియేడును సొమ్ము మంజూరయ్యెను.